అపార్ట్‌మెంటులో ట్యూబ్ ఆంప్: 5 వాట్లా, 22 వాట్లా, అసలు వద్దా?

ఆరుతీగలు (మియాపూర్)

అందరికీ నమస్కారం. మాది మూడో అంతస్తు ఫ్లాట్. ఆఫీసు నుంచి వచ్చాక రాత్రి తొమ్మిది దాకా వాయించుకుంటాను. ఒక టెలికాస్టర్ (ఎలక్ట్రిక్ గిటార్), శబ్దాన్ని గరుకెక్కించే ఒక ఓవర్‌డ్రైవ్ పెడల్, అంతే నా సామాను. బ్లూస్, అరవైల డెబ్బైల నాటి రాక్ అంటే ప్రాణం. డల్లాస్‌లో ఉన్న మా బావ తన ఫెండర్ డీలక్స్ రివర్బ్ నాకు ఇచ్చేస్తానంటున్నాడు, అది వాక్యూమ్ ట్యూబులతో గిటార్ శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్, 22 వాట్లు. మా ఫ్రెండ్స్ ఏమో "ఫ్లాట్‌లో 22 వాట్లు ఏం చేసుకుంటావురా, 5 వాట్ల చాంప్ లాంటి చిన్న ఆంప్ చూసుకో, నాబ్ చివరిదాకా తిప్పుకోవచ్చు" అంటున్నారు. ట్యూబే వద్దనేవాళ్లూ ఉన్నారు. మీ అభిప్రాయం, దానికి కారణం చెప్పండి.

చిన్నచాంప్

5 వాట్లే, సందేహం అక్కర్లేదు. ట్యూబ్ ఆంప్ కొనేదే పవర్ ట్యూబ్ కష్టపడేటప్పుడు వచ్చే శబ్దం కోసం. చాంప్ 5ఎఫ్1 సర్క్యూట్ చూడండి: సిగ్నల్‌ని మొదట పెంచే ఒక 12ఏఎక్స్7 ట్యూబ్, స్పీకర్‌ని నడిపే ఒక 6వీ6 పవర్ ట్యూబ్, ఏసీని డీసీ చేసే ఒక 5వై3 రెక్టిఫయర్ ట్యూబ్, 8 అంగుళాల స్పీకర్, ఒకే ఒక్క వాల్యూమ్ నాబ్. రెండు పవర్ ట్యూబులు పుష్-పుల్‌లో (ఒకటి నెడితే ఇంకొకటి లాగే పద్ధతిలో) ఉంటే అక్కడ పుట్టే సరి హార్మోనిక్స్ (మూల స్వరానికి 2, 4 రెట్లుండే పై స్వరాలు) ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. చాంప్‌లో ట్యూబ్ ఒక్కటే కాబట్టి అవి స్పీకర్ దాకా వస్తాయి. పైగా గట్టిగా మీటితే వోల్టేజ్ కాస్త జారి మళ్లీ లేస్తుంది, ఆ సాగ్ వేలికి తెలుస్తుంది. డీలక్స్‌ని ఫ్లాట్‌లో 2 మీద పెట్టుకుని వాయిస్తే ఇవేవీ దక్కవు.

కెపాసిటర్ (విజయవాడ)

హార్మోనిక్స్ గురించి చెప్పింది నిజం. సాగ్ గురించి చెప్పింది తలకిందులైంది. చాంప్ పవర్ ట్యూబ్ క్లాస్ ఏలో ఉంటుంది. మీటినా మీటకపోయినా దాదాపు ఒకే కరెంటు లాగుతుంది కాబట్టి జారడానికి పెద్దగా ఏమీ ఉండదు. సాగ్ బాగా తెలిసేది డీలక్స్ లాంటి పుష్-పుల్ ఆంప్‌లో, అదీ గట్టిగా వాయించినప్పుడు.

అసలు సంగతి వేరే ఉంది. ఈ వాట్ల గొడవలో ఎవరూ లెక్క వెయ్యరు, అందుకే పూర్తిగా రాస్తున్నాను. పవర్ పది రెట్లు పెరిగితే 10 డెసిబెళ్లు పెరుగుతాయి, చెవికి అది సుమారు రెట్టింపు బిగ్గరగా వినిపిస్తుంది. 5 వాట్లకీ 22 వాట్లకీ తేడా ఆరున్నర డెసిబెళ్ల లోపే. అంటే 22 వాట్లు నాలుగు రెట్లు బిగ్గర కాదు, రెట్టింపు కూడా కాదు.

ఇప్పుడు స్పీకర్ చూడండి. చాలా గిటార్ స్పీకర్లు 1 వాట్‌కి, మీటర్ దూరంలో 97 నుంచి 100 డెసిబెళ్ల దాకా ఇస్తాయి. 100 ఇచ్చే స్పీకర్‌కి 5 వాట్లు పంపితే 107. పక్క ఫ్లాట్‌లో పిల్లలు నిద్రపోయే వేళకి అది కుదరదు. రాత్రిపూట మీకు కావలసింది ఓ 80 డెసిబెళ్లు అనుకుంటే, దానికి పట్టేది వాట్‌లో నూరోవంతు! అంటే చాంప్ అయినా డీలక్స్ అయినా ఇంట్లో పవర్ ట్యూబులు నిద్ర లేవవు. 5 వాట్లు కొని "ఫుల్లుగా తిప్పుకుంటాను" అనుకున్నవాళ్లు చాలామంది చివరికి నాబ్‌ని 2 దగ్గరే ఉంచుకుంటున్నారు, పైగా క్లీన్ (గరుకు లేని శుభ్రమైన శబ్దం) కూడా పోగొట్టుకుంటున్నారు.

ఈ ఆంప్‌లు పుట్టిందే హాళ్ల కోసం. వాక్స్ వాళ్లు 1950ల చివర్లో 30 వాట్ల ఏసీ30 తెచ్చింది 15 వాట్ల ఏసీ15 శబ్దం వేదిక మీద చాలక. మార్షల్ 100 వాట్లకి వెళ్లిందీ అందుకే. తక్కువ శబ్దంలోనూ గరుకు రప్పించే మాస్టర్ వాల్యూమ్ నాబ్ మార్షల్‌కి 1975లో గానీ రాలేదు. ఆ రోజుల రికార్డుల్లో మనం వినే క్రంచ్ (ఆ గరుకు శబ్దం), ఆంప్‌ని హాలు నింపేంతగా తిప్పినప్పటిది. దాన్ని పడకగదిలో వెతకడమే తప్పు. ఇంట్లో ట్యూబ్ ఆంప్ ఇచ్చే అసలు సుఖం దాని క్లీన్. ఆ క్లీన్‌కి డీలక్స్ రివర్బ్‌ని మించింది నేను వినలేదు.

ఇక దాన్ని ఎలా పలికించాలో. డీలక్స్‌లో నార్మల్, వైబ్రాటో అని రెండు ఛానెళ్లు. వైబ్రాటో ఛానెల్ వాల్యూమ్ నాబ్ మీద ట్రెబుల్‌ని ముందుకు తెచ్చే చిన్న బ్రైట్ కెపాసిటర్ ఉంటుంది, 47 పికోఫారడ్లు. నాబ్ తక్కువలో ఉన్నప్పుడే దాని ప్రభావం ఎక్కువ. టెలికాస్టర్ బ్రిడ్జ్ పికప్‌తో కలిసిందంటే చెవిలో సూది గుచ్చినట్టే. నార్మల్ ఛానెల్‌లో అది లేదు, గుండ్రంగా పలుకుతుంది, కానీ అటు రివర్బ్ (ప్రతిధ్వని లాంటి మోత) రాదు. కాబట్టి వైబ్రాటో ఛానెల్‌లోనే ట్రెబుల్ 4 దగ్గర పెట్టి, గిటార్ టోన్ నాబ్ కాస్త తగ్గించండి. బేస్ మాత్రం హాల్లో పెట్టేదానికన్నా ఎక్కువ పెట్టండి. శబ్దం తగ్గేకొద్దీ మన చెవి కింది స్వరాల్ని ముందు వదిలేస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపించారు. అందుకే పగలు గట్టిగా వాయించినప్పుడు కుదిరిన సెట్టింగ్ రాత్రికి పనికిరాదు. వాయించే వాల్యూమ్‌లోనే నాబులు సర్దుకోవాలి.

ఇంకొకటి, ఆంప్‌ని నేల మీద పెట్టి నిలబడి వాయించకండి. 12 అంగుళాల స్పీకర్ ట్రెబుల్‌ని టార్చ్‌లైటులా తిన్నగా కొడుతుంది. అది మీ మోకాళ్లకి తగులుతుంటే మీకు మొద్దుగా వినిపిస్తుంది, మీరు ట్రెబుల్ పెంచుతారు, ఎదురుగా ఉన్నవాళ్ల చెవులు పోతాయి. స్టూలు ఎక్కించి, కాస్త వెనక్కి వాల్చి, మీ చెవి వైపు తిప్పండి. డబ్బు పెట్టి ఏ ట్యూబ్ మార్చినా ఇంత తేడా రాదు.

తీగలేని_టోన్

ఇంత లెక్క వేశాక కూడా ట్యూబేనా? ఫెండర్ వాళ్లే 2019లో టోన్ మాస్టర్ డీలక్స్ రివర్బ్ తెచ్చారు, లోపల ట్యూబ్ ఒక్కటీ లేదు. వెనక స్విచ్‌తో 0.2 వాట్ల దాకా తగ్గించుకోవచ్చు. బరువు తక్కువ, ట్యూబులు మార్చే ఖర్చు లేదు. ఫ్లాట్‌కి అంతకన్నా ఏం కావాలి?

చిన్నచాంప్

కెపాసిటర్ గారూ, డెసిబెళ్ల లెక్కకి ఎదురు లేదు, సాగ్ మాటా సరే. కానీ అటెన్యుయేటర్ అనేది ఒకటుంది కదా. ఆంప్‌కీ స్పీకర్‌కీ మధ్య పెడితే పవర్ ట్యూబ్ పూర్తిగా కష్టపడుతుంది, మిగులు పవర్ వేడిగా పోతుంది. 5 వాట్లకి చిన్నది చాలు. గిటార్ నాబ్ తగ్గిస్తే క్లీన్ అయిపోయి, పెంచితే గరుకెక్కే ఆ స్పందన నాకు క్లీన్ కన్నా ముఖ్యం.

కెపాసిటర్

అటెన్యుయేటర్‌తో కొంత దూరం వెళ్లొచ్చు, ఒప్పుకుంటాను. 107ని 80కి దించాలంటే మాత్రం 27 డెసిబెళ్లు మింగాలి. అంత మింగాక స్పీకర్ కోన్ కదలదు, చెవి కూడా వేరేగా వింటుంది, శబ్దం దుప్పటి కప్పుకుంటుంది. పగలు ఓ పది డెసిబెళ్లు తగ్గించుకోవడానికైతే మంచి వస్తువే.

తీగలేని_టోన్ గారికి: కొత్తగా కొనేవాళ్లకి మీ మాట నేనూ చెబుతాను. ఇక్కడ ఆంప్ ఇంటికే నడిచొస్తోంది. 1963 నాటి ఆ సర్క్యూట్ కాగితం మీద గీసుకుని సోల్డరింగ్ తెలిసినవాడు ఎవడైనా బాగు చేసుకోవచ్చు. అది నాకు చాలా పెద్ద విషయం.

సోల్డర్_తాత (వరంగల్)

టోన్ తర్వాత, ముందు కరెంటు సంగతి చూడు నాయనా. అది అమెరికా ఆంప్. వెనక ప్లేటు మీద 120 వోల్ట్‌లు అని ఉంటే మన 230కి గుచ్చగానే పోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, ఆంప్ తీసుకునేదానికి రెట్టింపు పైన రేటింగ్ ఉన్నది తీసుకో. మన దగ్గర 50 హెర్ట్జ్, వాళ్లది 60. 60కి మాత్రమే చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడ కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. మొదటి రోజు గంటసేపు పక్కనే ఉండి చూసుకో.

ఆంప్ గుచ్చకముందే స్టెప్‌డౌన్ అవుట్‌పుట్‌ని మీటర్ పెట్టి చూడు, పొద్దున ఒకసారి, అర్ధరాత్రి ఒకసారి. లోడు తగ్గాక కొన్ని వీధుల్లో వోల్టేజ్ బాగా ఎక్కుతుంది. ట్యూబుల హీటర్‌కి 6.3 వోల్ట్‌లు కావాలి, పది శాతం అటూ ఇటూ ఓర్చుకుంటాయి, అది దాటితే ఆయుష్షు తగ్గుతుంది.

స్టెప్‌డౌన్‌ని ఆంప్ పక్కనే పెట్టకు. డీలక్స్ అడుగున రివర్బ్ ట్యాంక్ పడుకుని ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుని హమ్ చేస్తుంది. అప్పుడు అందరూ ట్యూబులదే తప్పంటారు. వైరు పొడవు పెట్టుకుని గది అవతల మూల పెట్టు.

ఎర్తింగ్ మూడో పిన్ దాకా వస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకో. హమ్ పోతుందని ఎర్త్ పిన్ తీసేయమనే సలహా ఎవరిచ్చినా వినకు. గిటార్ తీగలు ఆ ఎర్త్‌కే కలిసి ఉంటాయి, వాటి మీద ఉండేది నీ వేళ్లు. స్పీకర్ తగిలించకుండా ఆంప్ ఆన్ చెయ్యకు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. వెనక మూత తీసి చెయ్యి పెట్టకు. ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో 400 వోల్ట్‌ల పైన నిలిచి ఉండొచ్చు.

ఆరుతీగలు

అందరికీ ధన్యవాదాలు. బావని ప్లేటు ఫొటో అడిగాను, 120 వోల్ట్‌లు, 60 హెర్ట్జ్ అనే ఉంది. డీలక్సే తెప్పించుకుంటున్నాను. తాతగారూ, ప్లేటు మీద 100 వాట్లు అని ఉంది, అయితే 300 వీఏ (వోల్ట్-ఆంపియర్ల) స్టెప్‌డౌన్ సరిపోతుందా, 500కి వెళ్లమంటారా?

సోల్డర్_తాత

500. రాగి వైండింగేనా అని అడిగి మరీ కొను.