అరిగిన క్రాంక్ కీ గాడి: పిన్నులు దిగేసి బిగించాలా, క్రాంకే మార్చాలా?

హెబ్బాళ వాసి:
నా డీజిల్ కారు 1,60,000 కిలోమీటర్లు తిరిగింది. పోయిన ఏడాది ఒక గ్యారేజీలో టైమింగ్ బెల్టు (క్రాంక్ తిరుగుడుకు తగ్గట్టు వాల్వులను నడిపే బెల్టు) మార్పించాను. పుల్లీ బోల్టు పాతదే వేశారని ఇప్పుడు తెలిసింది. నెల రోజులుగా స్టార్ట్ చేయగానే టకటక చప్పుడు, లాగే బలం కూడా తగ్గింది. విప్పి చూస్తే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇంజన్ ప్రధాన షాఫ్ట్) చివరి పుల్లీ చేతికే ఊగుతోంది. పుల్లీకీ షాఫ్ట్‌కీ మధ్య గాడిలో కూర్చునే చిన్న ఉక్కు ముక్క, అంటే కీ, ఒకవైపు నలిగింది, గాడి అంచు గుండ్రబడింది, చుట్టూ ఇటుక పొడి లాంటి ఎర్రటి మసి. షాఫ్ట్ చివర లావు 30 మిల్లీమీటర్లు, మధ్యలో బోల్టు 14. పుల్లీలోంచి షాఫ్ట్‌లోకి రెండు పిన్నులు దిగేస్తే చాలని ఒక లేత్ షాపులో అన్నారు. ఏం చేయమంటారు?

పీణ్య టర్నర్:
వేయించుకోండి. మూడేళ్ల కిందట ఒక వ్యానుకు ఇలాగే చేశాను. ఇప్పటికీ కూరగాయల లోడుతో తిరుగుతోంది. కీ కోసం ఇంజన్ దింపడం అనవసరపు ఖర్చు.

డీజిల్ మేస్త్రి:
టర్నర్ గారూ, నేను ఒప్పుకోను. బలమంతా కీ మోస్తుందని అనుకుంటున్నారు. కీ పుల్లీని సరైన చోట నిలబెడుతుంది, అంతే. తిప్పేది బోల్టు బిగింపుతో పుల్లీకీ షాఫ్ట్‌కీ మధ్య పుట్టే ఒరిపిడి. ఒకసారి సాగిన బోల్టును మళ్లీ వేస్తే ఆ బిగింపు నిలవదు. రెండు ముఖాలూ సన్నగా కదిలి రాసుకుంటాయి, రాలిన ఇనుము తుప్పు పడుతుంది. ఆ ఎర్రటి పొడి అదే.

ఇక పిన్నులు. 30లోంచి 14 పోతే ఒక్కో వైపు 8 మిల్లీమీటర్లు. అందులో 5 మిల్లీమీటర్ల పిన్ను దింపితే అటూ ఇటూ ఒకటిన్నరే మిగులుతుంది. అక్కడే పగులు మొదలవుతుంది. మీ వ్యాను షాఫ్ట్ చివర ఎంత లావు?

పీణ్య టర్నర్:
45. ఆ తేడా నిజమే. అయితే వెల్డింగ్ పోసి గాడి కొత్తగా తీయవచ్చు కదా?

డీజిల్ మేస్త్రి:
ముందుగా వేడి చేయకుండా పోస్తే వెల్డింగ్ పక్కన ఉక్కు గట్టిపడి పెళుసవుతుంది. వేడి చేయాలంటే ఇంజన్ ఎలాగూ దింపాలి. పైగా 30 మిల్లీమీటర్ల షాఫ్ట్ అంచున గాడి ఒక్క మిల్లీమీటరు జరిగితే పుల్లీ దాదాపు 4 డిగ్రీలు తప్పి కూర్చుంటుంది. డీజిల్ పంపే ఇంజెక్షన్ పంపు కూడా ఆ టైమింగ్ బెల్టు మీదే ఉంటే డీజిల్ పడే వేళ మారి చప్పుడో పొగో వస్తుంది. ఇంకా జరిగితే పిస్టన్లు వాల్వులకు తగులుతాయి. దయచేసి ఈ బండిని అలాగే నడపకండి.

పీణ్య టర్నర్:
హెబ్బాళ గారూ, తేల్చుకునే ముందు ఒక పని చేయండి. షాఫ్ట్ ముఖానికి నీలి రంగు పలుచగా పూసి, కొత్త పుల్లీ పెట్టి నొక్కి తీయండి. రంగు చుట్టూ సమంగా అంటితే కొత్త పుల్లీ, కొత్త కీ, కొత్త బోల్టుతో ప్రయత్నించవచ్చు. లేకపోతే నేనూ పిన్నులు వేయను.

హెబ్బాళ వాసి:
ఈ రోజు చూశాం. కొత్త పుల్లీకి ఎదురెదురుగా రెండు చోట్ల గోరంత నీలి మచ్చలు, మిగతాదంతా మెరుస్తున్న ఇనుమే. ఇంజన్ దింపమని చెప్పాను. పాత క్రాంక్ కోసం రేపు జేసీ రోడ్డుకు వెళ్తున్నాను.

డీజిల్ మేస్త్రి:
కొత్త పుల్లీ, ఆ నీలి రంగు వెంట తీసుకెళ్లండి. డబ్బు ఇచ్చేముందు అక్కడే పెట్టి చూడండి.