సమస్యాపూరణం: సమయ భంగమే సమయరక్షణము గాదె

నిర్వాహకుడు:
మిత్రులారా, ఈ వారం సమస్య తేటగీతి పద్యంలో చివరి పాదం. ముందుండే మూడు పాదాలూ మీరు పూరించాలి.

సమయ భంగమే సమయరక్షణము గాదె

'సమయం' అనగానే ఇప్పుడు అందరికీ గడియారమే గుర్తొస్తుంది. ఆ మాటకు ఇంకా గట్టి అర్థాలున్నాయి. అమరకోశం 'సమయాః శపథాచారకాలసిద్ధాంతసంవిదః' అంటూ ఐదు చెప్పింది. శపథం, ఆచారం, కాలం, సిద్ధాంతం, చివరిది సంవిత్తు, అంటే ఒడంబడిక. 'సమ్' అంటే కలిసి, 'అయ' అంటే రావడం. ఇద్దరు ఒక మాట మీదికి కలిసి వస్తే అది సమయం. నారదస్మృతి పద్దెనిమిది వ్యవహారపదాల్లో, అంటే న్యాయవివాదాల రకాల్లో, ఒకదానికి 'సమయస్యానపాకర్మ' అని పేరు పెట్టింది. పదిమందీ కలిసి చేసుకున్న కట్టుబాటును నిలుపుకోకపోవడం అన్నమాట. ఇంత బరువున్న అర్థం వాడుకలోంచి జారిపోతోందని నాకు బాధ. అందుకే ఈ పాదం ఇచ్చాను.

యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన పొంతన, గురించి ఎవరైనా అడిగేలోపు చెబుతాను. 'స'కు 'క్ష'తో యతి చెల్లుతుంది, క్షకారంలో షకారం ఉంది కదా.

మొదటి పూరణ (న్యాయవాది మిత్రుడు):

గోవులనుఁ గావ విల్లందికొనఁగఁ బోయి
యన్న యేకాంతగృహమునం దడుగు వెట్టి
వలదు వలదన్న నరుఁడు తా వనుల కేఁగె
సమయ భంగమే సమయరక్షణము గాదె

పండితులు:
మహాభారతం ఆదిపర్వంలో, గోవులను కాపాడే విల్లు కోసం ధర్మరాజు ఏకాంతగృహంలోకి అర్జునుడు అడుగుపెట్టిన ఘట్టాన్ని భలే పట్టుకున్నారు. ధార బాగుంది. రెండో పాదంలో 'యన్న', 'దడుగు' అచ్చుల యతి చక్కగా కుదిరింది. కాని ఒక్క సందేహం. గదిలోకి వెళ్లడం సమయభంగం, అడవికి వెళ్లడం సమయరక్షణ. ఇవి రెండు వేర్వేరు పనులు. సమస్య అడుగుతున్నది భంగమే రక్షణ ఎలా అయిందని. ఆ 'ఏ'కారానికి సమాధానం రాలేదు. మూడో పాదం ఇలా మార్చి చూడండి:

ప్రజలఁ గాచెడి తొలిబాస పార్థుఁ డోమె

అప్పుడు అన్నదమ్ముల మధ్య ఉన్న కట్టు తెగిన క్షణమే క్షత్రియుడి మొదటి బాస నిలిచింది. పని ఒక్కటే, సమయాలు రెండు.

న్యాయవాది మిత్రుడు:
అయ్యా, మీ పాదం నాకూ నచ్చింది. అయినా నా వాదన వినండి. ద్రౌపది విషయంలో ఆ ఐదుగురూ చేసుకున్న ఒప్పందంలో రెండు భాగాలున్నాయి. ఒకరి ఏకాంతంలోకి ఇంకొకరు పోకూడదు, పోతే వనవాసం చెయ్యాలి. ఒడంబడికే తన ఉల్లంఘనను ముందుగా ఊహించి దానికో దారి రాసిపెట్టింది. శిక్షకు తల వంచినవాడు ఒప్పందం లోపలే ఉన్నాడు. తప్పుకొని తిరిగేవాడే నిజంగా దాన్ని తెంచినవాడు.

నిర్వాహకుడు:
తర్కంలో పండితులవారి సవరణదే పైచేయి. కాని 'వలదు వలదన్న' అనే మాట వదులుకోలేను. ధర్మరాజు అక్కడ నిజంగానే ఆపాడు. పెద్దవాడి గదిలోకి చిన్నవాడు రావడం దోషం కాదని నచ్చజెప్పాడు. ధర్మాన్ని సాకులతో ఆచరించకూడదని మీరే చెప్పారు కదా అని అర్జునుడు బయల్దేరాడు. ఎదుటిపక్షం మాఫీ చేసినా మాట చెల్లించడం! 'సమయం' అనే పదం పూర్తి బరువు నాకు ఆ చోటే కనిపిస్తుంది. రెండు రూపాలూ ఉంచుదాం.

రెండో పూరణ (కథారచయిత్రి):

చూడని చకోరములఁ బాడు జోలి మాని
కంటఁ గన్నట్టి పిచ్చుకఁ గవిత నిలుపు
చదువరికి నిచ్చు మాటనే జరుపు కవుల
సమయ భంగమే సమయరక్షణము గాదె

పండితులు:
పై పాదం చివర 'కవుల' చేర్చి కవిసమయం, అంటే కవులు సంప్రదాయంగా వాడుకునే కల్పన, వైపు తిప్పారు. ఈ మలుపు నాకు తట్టలేదు, సంతోషం. పద్యానికి ఏ దోషమూ లేదు. అభిప్రాయంతో మాత్రం విభేదిస్తాను తల్లీ. చకోరం వెన్నెల తాగదని చదువరికీ తెలుసు, కవికీ తెలుసు. ఇద్దరూ తెలిసి ఒప్పుకున్నారు కనుకే దానికి కవిసమయమని పేరు. అందులో మోసం లేదు.

కథారచయిత్రి:
ఒప్పుకుంటాను మాస్టారూ. ఆ ఒప్పందం చేసుకున్న చదువరి మాత్రం ఇప్పుడు లేడు. వెన్నెల తాగే పక్షి అంటే నేటి పిల్లలు అర్థం అడుగుతున్నారు. ఒక పక్షం వెళ్లిపోయాక కొత్తగా మళ్లీ మాట ఇచ్చుకోవాలి కదా!

మూడో పూరణ (కొత్త సభ్యురాలు):
గురువుగారూ, ఇది నా మొదటి పద్యం. తప్పులుంటే దిద్దండి.

తప్పు దాఁచెద మని యొట్టుఁ దలను బెట్టి
కట్టుకొన్నట్టి నోళ్లను గట్టు విప్పి
సత్యముఁ బలికెడి నాఁ డట్టి నీచమైన
సమయ భంగమే సమయరక్షణము గాదె

పండితులు:
అమ్మా, మొదటి రెండు పాదాలూ ముచ్చటగా ఉన్నాయి. మూడో పాదంలో గణాలు, అంటే లఘువులూ (పొట్టి అక్షరాలు) గురువులూ (పొడుగు అక్షరాలు) కలిసిన గుంపులు, తప్పాయి. 'సత్య' గలం (గురువు, లఘువు), 'ముఁ బలికె' నలం (నాలుగు లఘువులు). ఆ తరువాత 'డి నాఁ డట్టి' అని మొదటి లఘువు మీద గురువు పడింది, అక్కడ రావలసిన ఇంద్రగణాల్లో అలాంటిది లేదు. సకారానికి 'నీ'తో యతి కూడా కుదరదు. ఒక్క మాట మారిస్తే రెండూ తీరతాయి:

నిజముఁ బలికెడి నాఁ డట్టి నీచమైన

నిర్వాహకుడు:
ఇక్కడ మొదటి సమయం చీకటి ఒట్టు, రెండోది సదాచారం. అమరకోశంలోని రెండర్థాలు ఒకే పాదంలో ఎదురెదురుగా నిలబడ్డాయి. నారదుడి మాట కూడా మీకు తోడుంది. రాజు కట్టుబాట్లను కాపాడాలన్న ఆయనే, చెరుపు చేసేవాటిని అణచమనీ చెప్పాడు. మొదటి పద్యానికే ఇంత సాధించారు, ఆపకండి.

కొత్త సభ్యురాలు:
ధన్యవాదాలు. నిజానికి నేను ముందు 'నిబంధన' అనే మాటతో పాదం మొదలుపెడదామని ఎంతో తంటాలు పడ్డాను. కుదరలేదు. 'ఒడంబడిక' కూడా అంతే. ఎందుకు?

పండితులు:
మంచి ప్రశ్న. తేటగీతిలో వాడే సూర్యగణాల్లో గాని ఇంద్రగణాల్లో గాని లఘువుతో మొదలై వెంటనే గురువు వచ్చేది ఒక్కటీ లేదు. 'నిబం', 'ఒడం' రెండూ అలాంటివే. కనుక మాట మొదటి భాగం ముందు గణంలో ఉండిపోయి, మిగతాది తరువాతి గణంలో పడాలి. 'ఇది నిబంధన' అంటే 'ఇదిని' ఒక గణం, 'బంధన' ఇంకొకటి.

నిర్వాహకుడు:
కట్టడమనే అర్థమున్న మాట రెండుగా విడితే తప్ప తేటగీతిలో ఇమడదన్నమాట! ఇన్నేళ్లుగా పద్యాలు రాస్తున్నా ఈ సంగతి గమనించలేదు.

పండితులు:
ఒడంబడికకు మాత్రం దారి ఉంది. పాత రూపం 'ఒడఁబడిక', నిండుసున్న కాదు, అరసున్న. అప్పుడు ఐదూ లఘువులే. హాయిగా పాదం మొదట్లోనే పెట్టుకోవచ్చు.

కొత్త సభ్యురాలు:
అయితే ఇది సరిపోయిందా, చూడండి:

ఒడఁబడిక చేసి యిరువుర మొక్క చోట

పండితులు:
సరిపోయింది. యతీ కుదిరింది. మిగిలిన మూడు పాదాలూ రేపటికి పూర్తి చెయ్యమ్మా.