క్రైమ్ సిరీస్‌లో రాజకీయం: ఉపన్యాసం కాకుండా రాయడం ఎలా?

రాతబల్ల (ప్రశ్న)

8 ఎపిసోడ్ల క్రైమ్ సిరీస్, ఒక్కోటి 45 నిమిషాలు. ఒక రసాయన కర్మాగారం వ్యర్థజలాన్ని నదిలోకి వదులుతుంటుంది. నీటి నమూనాలు తీసే ఉద్యోగి శవమై తేలతాడు. దర్యాప్తు చేసేది ఒక ఇన్‌స్పెక్టర్, తెర వెనక ఒక మంత్రి. రెండో డ్రాఫ్ట్ చదివినవాళ్లంతా ఒకే మాట అన్నారు: 3, 6 ఎపిసోడ్లలో పాత్రలు సంపాదకీయాలు చదువుతున్నాయని. ఆ డైలాగులు తీసేస్తే మామూలు హత్య కథే మిగులుతుంది, ఉంచితే ఉపన్యాసం.

ఇంకో మూడు అనుమానాలు. ఇన్‌స్పెక్టర్ ఒకణ్ని కొట్టి నిజం రాబట్టే సీను ఉంచవచ్చా? నది ఒడ్డున వలస కార్మికుల బస్తీ మీదికి ముందు అనుమానం పోతుంది, అది వాళ్లకు అన్యాయం అవుతుందా? చివర మంత్రి అరెస్టుతో ముగించడం సరేనా? ఎక్కడ విప్పి ఎక్కడ కుట్టాలో చెప్పండి.

మూడోడ్రాఫ్ట్ (జవాబు)

డైలాగుల జోలికి ఇప్పుడే పోకండి. ముందు సీన్లు లెక్కపెట్టండి. 45 నిమిషాలంటే దాదాపు 45 పేజీలు, 30 సీన్లకు అటూ ఇటూగా ఉంటాయి. ప్రతి సీనుకూ మూడు విషయాలు రాసుకోండి: కెమెరా ఎవరి వెంట లోపలికి వచ్చింది, ఆ సీనులో ఎవరికి ఏం కావాలి, సీను ముగిసేసరికి కొత్త సంగతి ఎవరికి తెలిసింది. ఒక్కో ఎపిసోడ్‌కు గంట పట్టే పని.

30 సీన్లలో 22 పోలీసులవే అయితే మీ సిరీస్ రాజకీయం అక్కడే ఖరారైపోయింది. మీరు ఎన్ని డైలాగులు రాసినా ప్రేక్షకుడు నదిని స్టేషన్ కిటికీలోంచే చూస్తాడు. చనిపోయిన ఉద్యోగి మొదటి ఎపిసోడ్‌లో శవంగా, తర్వాత గోడ మీద ఫొటోగా మాత్రమే కనిపిస్తుంటే, ఆయన ఏ పని చేస్తూ చనిపోయాడో ఎవరికీ పట్టదు. పట్టని విషయాన్ని పట్టించడానికే ఆ ఉపన్యాసాలు వచ్చి చేరాయి. లోపం నిర్మాణంలో ఉంది, అది డైలాగులో బయటపడుతోంది.

2007లో వచ్చిన డేనిష్ సిరీస్ 'ద కిల్లింగ్' మొదటి సీజన్‌ను ఈ లెక్కతో చూడండి. ఒకే హత్య, 20 ఎపిసోడ్లు, ఎపిసోడ్‌కు ఒక రోజు. మూడు పాయలు: పోలీసులు, చనిపోయిన అమ్మాయి కుటుంబం, కోపెన్‌హాగెన్ మేయర్ ఎన్నిక. శవం దొరికిన కారు ఒక అభ్యర్థి ప్రచార బృందానిది. అంతే, రాజకీయం కథలోకి వచ్చేసింది. ఇక ఎవరూ రాజకీయం గురించి మాట్లాడనక్కర్లేదు. ఆ కారు సంగతి పత్రికలకు ఇప్పుడు చెప్పాలా, రేపు చెప్పాలా అని ప్రచార కార్యాలయంలో తర్జనభర్జన పడితే చాలు. కుటుంబం పాయలో దర్యాప్తుకు ఏమాత్రం పనికిరాని సీన్లు చాలా ఉన్నాయి. ఆ సిరీస్ బరువంతా వాటి మీదే ఉంది.

మీకు 20 ఎపిసోడ్లు లేవు కాబట్టి ఒక్కోదాంట్లో కుటుంబానికి కనీసం 6 సీన్లు, కర్మాగారం లేదా మంత్రి కార్యాలయానికి 6 సీన్లు ఇవ్వండి. కుటుంబం సీన్లలో ఒక్కటైనా ఆధారం దొరకని సీను కావాలి. ఆయన లంచ్ బాక్స్ ఆఫీసు నుంచి ఇంటికి తిరిగి రావడం లాంటిది.

గదినంబర్4

కొట్టే సీను గురించి. అది ఉంచవచ్చా లేదా అన్నదానికంటే, కొట్టాక ఏం దొరికింది అన్నది ముఖ్యం. కొడితే సరైన చిరునామా దొరికి, అక్కడికి వెళ్తే సరైన మనిషి పట్టుబడితే, కొట్టడం పనిచేస్తుందని మీరు వాదించినట్టే. ఆ తర్వాత ఇన్‌స్పెక్టర్ ఎంత పశ్చాత్తాపపడినా ఆ వాదన చెరగదు.

'ద షీల్డ్' (2002) మొదటి ఎపిసోడ్ ఈ విషయంలో చదవాల్సిన పాఠం. తప్పిపోయిన పాపను వెతకడానికి విక్ మాకీ అనే పోలీసును గదిలోకి పంపుతారు, ఆయన అనుమానితుణ్ని టెలిఫోన్ డైరెక్టరీతో కొడతాడు, సమాచారం వస్తుంది. ప్రేక్షకుడు ఆయన పక్షాన చేరిపోతాడు. అదే ఎపిసోడ్ చివర ఆ మాకీయే తోటి పోలీసు ముఖం మీద కాలుస్తాడు. రచయితలు ముందు మనల్ని ఒప్పించి, ఒప్పుకున్నదానికి బాకీ వసూలు చేశారు. మీ దగ్గర ఆ రెండో సగం లేకపోతే మొదటి సగం వాడకండి.

దెబ్బలు తిన్న మనిషి దెబ్బలు ఆగే మాట చెబుతాడు. ఎదుటివాడు ఏ పేరు కోసం అడుగుతున్నాడో కనిపెట్టి ఆ పేరే ఇస్తాడు. కాబట్టి మీ సీనులో తప్పు పేరు రానివ్వండి. దాన్ని పట్టుకుని దర్యాప్తు రెండు ఎపిసోడ్లు పక్కదారి పట్టాలి, అసలు ఆధారం ఈలోగా చెడిపోవాలి. తర్వాత కోర్టులో ఆ వాంగ్మూలాన్నే ఎదుటి లాయరు ఆయుధం చేసుకోవాలి.

దెబ్బలు లేకుండా ఉత్కంఠ రాదేమోనని భయపడకండి. బ్రిటిష్ పోలీసు సిరీస్ 'లైన్ ఆఫ్ డ్యూటీ'లో నలుగురు బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకునే విచారణ సీన్లు ఎంతసేపు సాగినా చూపు తిప్పుకోనివ్వవు. రహస్యం కాగితాల వరసలో ఉంది. బల్ల మీదికి వచ్చే ప్రతి కాగితమూ ఒక తలుపు మూయాలి. ముందు "ఆ రాత్రి నేను ఊళ్లో లేను" అననివ్వండి, తర్వాత టోల్ రసీదు పెట్టండి. రసీదు ముందే పెడితే వాడు దానికి తగ్గ అబద్ధం తయారుచేసుకుంటాడు, సీను రెండు నిమిషాల్లో చచ్చిపోతుంది.

నీటిచుక్క

మీ అసలు చిక్కు మంత్రి పాత్ర. ఆయన ఒక్కడే చెడ్డవాడైతే ఆయన పోగానే నది శుభ్రమైపోవాలి. అమెరికన్ సిరీస్ 'ద వైర్' (2002–2008, 5 సీజన్లు, 60 ఎపిసోడ్లు) ఎందుకు నిలిచిందంటే అందులో దుర్మార్గం ఒక మనిషి దగ్గర ఆగదు. పై అధికారికి నేరాల అంకెలు తగ్గాలి, ఆయన కింది అధికారిని అడుగుతాడు, కిందివాడు కేసును చిన్న నేరంగా రాస్తాడు. నాలుగో సీజన్‌లో పోలీసు శాఖ నుంచి బయటికొచ్చి టీచరైన పాత్ర, పరీక్ష మార్కులు పెంచే పథకం వినగానే ఇది పాత స్టేషన్ లెక్కే అని గుర్తుపడతాడు. ఒక్క పొట్టి సీనులో రెండు సంస్థల రోగం ఒకటేనని తెలిసిపోతుంది.

మీ కథలో ఆ పని నమూనా సీసాతో చేయండి. పద్ధతి ఇదీ: కాలువ దగ్గర రెండు సీసాలు నింపుతారు. ఒకటి బీఓడీకి, అంటే నీటిలోని సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు తినడానికి ఎంత ఆక్సిజన్ కావాలో కొలవడానికి. దాన్ని గాలి బుడగ లేకుండా అంచుదాకా నింపి, ఐసు పెట్టెలో 4 డిగ్రీల దగ్గర ఉంచి, 48 గంటల్లోపు ల్యాబ్‌లో పరీక్ష మొదలుపెట్టాలి. మామూలు పద్ధతిలో 20 డిగ్రీల దగ్గర 5 రోజులు పడుతుంది. రెండో సీసా సీఓడీకి, అంటే సూక్ష్మజీవులతో కాకుండా రసాయనంతో అదే ఆక్సిజన్ లెక్క తీయడానికి. అందులో సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి పీహెచ్ 2 కంటే తక్కువకు దించితే 28 రోజులు నిలుస్తుంది.

ఇప్పుడు చూడండి ఎన్ని దారులున్నాయో. కర్మాగారం రాత్రి 2 గంటలకు వదులుతుంది, నమూనా మధ్యాహ్నం తీస్తారు. ఒక్కసారి ముంచి తీసిన నీరు ఆ నిమిషం సంగతే చెబుతుంది కాబట్టి రిపోర్టు శుభ్రంగా వస్తుంది, ఎవరూ అబద్ధమాడలేదు. లేదా శుక్రవారం సాయంత్రం తెచ్చిన బీఓడీ సీసా ఫ్రిజ్ బయట సోమవారం దాకా ఉంటుంది. వెచ్చదనానికి సూక్ష్మజీవులు సీసాలోనే తినేస్తాయి, రీడింగ్ తక్కువ వస్తుంది. సీసా పట్టించుకోని గుమాస్తా లంచం తీసుకోలేదు, ఆయన షిఫ్టు అయిపోయిందంతే. ల్యాబ్ అధికారి ఆలస్యం గమనించినా, నెలకు ఇన్ని రిపోర్టులని లక్ష్యం ఉంది కాబట్టి సంతకం పెడతాడు. మంత్రి చేసింది ల్యాబ్‌కు రెండో మనిషిని ఇవ్వకపోవడం ఒక్కటే.

మీ హత్య కూడా ఇక్కడే పుడుతుంది. చనిపోయిన ఉద్యోగి ఆమ్లం వేసిన సీఓడీ సీసాను దాచాడు. బీఓడీ సీసా పనికిరాకుండా పోయినా అది ఇంకా నిజం చెబుతుంది, 28వ రోజు దాకా. మీ 8 ఎపిసోడ్లకు గడువు దొరికింది. సీసా మీది చీటీలో నమూనా తీసిన సమయం, చేతులు మారిన ప్రతిసారీ సంతకం ఉంటాయి. ఆ సంతకాల్లో ఒక్క ఖాళీ గడిని దగ్గరగా చూపించండి, 6వ ఎపిసోడ్ ఉపన్యాసం అక్కర్లేదు.

గడపదగ్గర

బస్తీ సంగతి నేను చెబుతాను, ఇక్కడే ఎక్కువ హాని జరుగుతుంది. మంచి ఉద్దేశంతో రాసినవాళ్లూ ఈ గోతిలో పడతారు. నాలుగు ఎపిసోడ్లు ఒక సమూహం మీద అనుమానం నడిపి, ఐదో ఎపిసోడ్‌లో "వీళ్లు కాదు" అని ఒక్క డైలాగుతో విడిచిపెడితే, చూసేవాడికి ఆ నాలుగే గుర్తుంటాయి.

'ఢిల్లీ క్రైమ్' రెండో సీజన్ (2022) ఈ ప్రశ్ననే నేరుగా ఎత్తుకుంది. వృద్ధుల హత్యలు జరగగానే విముక్త జాతుల (ఒకప్పుడు చట్టం నేరస్త జాతులని ముద్రవేసిన సమూహాల) మనుషుల్ని పోగుచేసి స్టేషన్‌కు తెస్తారు, పుట్టుకతోనే నేరస్తులనే నమ్మకం ఉన్న ఒక రిటైర్డు అధికారి 'నిపుణుడు'గా వస్తాడు. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లో రద్దయినా ఆ చూపు పోలేదన్నది సీజన్ చెప్పదలచిన మాట. అనుమానం తప్పని కథలోనే తేలుతుంది. అయినా మొత్తం అధికారి కళ్లతోనే నడుస్తుంది కాబట్టి, పట్టుబడ్డవాళ్ల ఇంట్లో ఆ రాత్రి ఏం జరిగిందో మనం తక్కువే చూస్తాం.

'పాతాళ్ లోక్' మొదటి సీజన్ (2020, 9 ఎపిసోడ్లు) ఇంకో దారి పట్టింది. పట్టుబడ్డ నలుగురు నిందితుల వెనక్కి వెళ్లి వాళ్ల గతాన్ని విప్పుతుంది. దానికి కథ వేగం కొంత పోతుంది, ఆ నష్టం భరించదగ్గదే.

మీకు నా సలహా: అనుమానాన్ని 3వ ఎపిసోడ్ ముగింపుకల్లా తీసేయండి. తీసేశాక బస్తీని వదిలేయకండి. స్టేషన్‌లో రెండు రోజులు కూర్చున్నవాడి కూలి పని పోయింది, ఇంటి యజమాని ఖాళీ చేయమన్నాడు. ఇది 5వ ఎపిసోడ్‌లో రావాలి. ఆ బస్తీ తాగేది కూడా ఆ నది నీళ్లే కదా. రాత్రి 2 గంటలకు నీటి రంగు మారడం ముందు చూసింది వాళ్లే అయి ఉంటారు. అనుమానితులుగా తెచ్చినవాళ్లను ఎవరూ అడగని సాక్షులుగా మార్చండి.

మూడోడ్రాఫ్ట్

గడపదగ్గర గారూ, 3వ ఎపిసోడ్ మరీ తొందర. ప్రేక్షకుడు తానూ ఆ అనుమానంలో పాలుపంచుకున్నానని గ్రహించాలంటే అది కాస్త నడవాలి. ప్రేక్షకుడికి 3లోనే తెలియనిచ్చి, పోలీసులకు 5 దాకా తెలియనివ్వకపోతే? అప్పుడు మిగతా రెండు ఎపిసోడ్లూ తప్పు మనిషి లోపల ఉన్నాడని తెలిసి చూస్తాం.

గడపదగ్గర

అది నా సలహా కంటే బాగుంది. కాకపోతే ఆ రెండు ఎపిసోడ్లలో కెమెరా లోపలున్న మనిషి దగ్గర కూడా ఉండాలి.

రాతబల్ల

సీఓడీ సీసా తీసుకుంటున్నాను. కథను 28 రోజులకు కుదిస్తాను. ఒక పోలీసు అధికారిని స్క్రిప్టు చదివి తప్పులు చెప్పమని అడగాలనుకుంటున్నాను, సరిపోతుందా? ముగింపు మాట కూడా చెప్పండి.

కోర్టుహాలు

పోలీసు సలహాదారు ఒక్కరే ఉంటే ఆయన సరిదిద్దేది యూనిఫాం, హోదాలు, వైర్‌లెస్ మాటలు. వాటితోపాటు ఆయన చూపు కూడా వచ్చి చేరుతుంది. 1950ల అమెరికన్ పోలీసు సిరీస్ 'డ్రాగ్నెట్'కు లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖ కేసులూ ఇచ్చింది, సహకారమూ ఇచ్చింది, స్క్రిప్టులూ చూసింది. తెర మీద ఆ శాఖ మచ్చలేనిదిగా కనిపించడంలో వింతేమీ లేదు. కాబట్టి ముగ్గురికి ఇవ్వండి: పోలీసు అధికారి, నిందితుల తరఫున వాదించే లాయరు, నీటి ల్యాబ్‌లో పనిచేసేవారు. ముగ్గురూ ఒకే సీను మీద గీత గీస్తే అది తప్పు సీను. ఒక్క పోలీసు అధికారే గీస్తే, తీసేముందు ఎందుకు గీశారో అడగండి.

ముగింపు: అరెస్టును 7వ ఎపిసోడ్ మధ్యకు జరపండి. అక్కడ సంగీతం తగ్గించండి. మిగిలిన ఎపిసోడున్నర బెయిలుకు, సాక్షులకు, చీటీలోని ఖాళీ గడికి ఇవ్వండి. మొదటి సాక్షి మాట మారుస్తాడు. ఎందుకో చూపించడానికి బెదిరింపు సీను వద్దు, ఆయన కొడుక్కి కర్మాగారంలో కొత్తగా ఉద్యోగం వచ్చిందని ముందు ఎపిసోడ్‌లోనే ఒక మూలన పెట్టండి. లాయరు ఆ ఖాళీ గడి చూపి, సీసా ఆ మూడు గంటలు ఎవరి దగ్గరుందని అడుగుతాడు. మీ ఇన్‌స్పెక్టర్ దగ్గర జవాబు ఉండకూడదు, ఎందుకంటే ఆ సమయంలో ఆయన బస్తీ మనిషిని కొడుతున్నాడు.

ఆఖరి షాట్ కోర్టులో పెట్టకండి. కొత్త నమూనా ఉద్యోగి కాలువ దగ్గరికి వస్తాడు, సీసా నింపుతాడు, చీటీ మీద సమయం రాస్తాడు: 2 గంటలు. పగలో రాత్రో వెలుతురును బట్టి తెలియనివ్వండి.