క్రోషెతో అల్లిన టాప్ పొడుగైంది, కింద వరసలు తీయాలి

ఊలుఉండ: కాటన్ దారం, 4 మి.మీ. క్రోషె సూది (కొక్కెం), అంచు నుంచి మెడకి అల్లిన టాప్. 8 సెం.మీ. తగ్గాలి. 10 సెం.మీ.కి 9 వరసల డీసీ (డబుల్ క్రోషె కుట్టు). మొదటి చైన్ (అల్లిక మొదలుపెట్టిన గొలుసు వరస) కొస లాగితే ఊడటం లేదు. దారం మళ్లీ వాడుకోవాలి కూడా.

సూదిమందు: చైన్ వైపు నుంచి ఊడదు, లాగితే ముడి బిగుస్తుంది. ఉంచాల్సిన వరస అడుగు ఉచ్చుల్లో వేరే రంగు సన్నదారం ఎక్కించండి. దాని కింది వరసలో, నడుమ ఒకే కుట్టు కత్తిరించండి. మొద్దు సూదితో అటూ ఇటూ ఆ ఒక్క వరస విప్పితే కింది ముక్క ఊడొస్తుంది. పక్క కుట్లుంటే ముందు అవి విప్పుకోవాలి.

గోదారిలేసు: డీసీ అంటే ఏ డీసీ? బ్రిటిష్ డీసీ పొట్టిది, అమెరికన్‌లో దాన్నే సింగిల్ అంటారు.

సూదిమందు: 10 సెం.మీ.కి 9 వరసలంటే అమెరికన్ డీసీయే. పొట్టి కుట్టయితే ఈ సూదికి దాదాపు రెట్టింపు వరసలు పడతాయి.

గోదారిలేసు: అది మీ చేతి బిగువు! దారం మందం చెప్పకుండా ఎలా తేలుస్తారు? పేరు చూసి వరసలు లెక్కేసి కోసేస్తే బట్ట పోతుంది. టేపు పెట్టి కొలవమనండి.

సూదిమందు: టేపుతో కొలిచిన లెక్కే ఆవిడ ఇచ్చింది, చదవండి.

పట్టుకొస: కొలిచేది ఉతికాక, అదీ ఒక రాత్రి హ్యాంగర్‌కి వేలాడదీశాక. కాటన్ బరువుకి సాగుతుంది. ఇది వదిలేసి పేర్ల మీద కొట్లాటా?

అరసున్న: మడిచి మిషన్ మీద కుట్టేస్తే సరిపోదా?

పట్టుకొస: వద్దు. అంచు కర్రలా నిలబడుతుంది, సాగదు. కుట్టు దారం తెగితే మడత అక్కడే ఊడుతుంది.

గోదారిలేసు: నరసాపురం లేసులో గుండ్రటి ముక్కలు మధ్య నుంచి బయటికి అల్లుతాం, చివరి చుట్టు లాగితే చాలు. అందుకే టాప్ మెడ నుంచి కిందికి అల్లమని నేనెప్పుడూ చెప్పేది. గుత్తుల డిజైనైతే పూర్తి గుత్తు తీయాలి, సగంలో ఆపితే అంచు వంకర.

ఊలుఉండ: సాదా డీసీయే. విప్పాక పైవి జారిపోవా?

సూదిమందు: పైకి జారవు, వదులవుతాయి. ఒక్కో ఉచ్చులో ఒక్కో సింగిల్ వేయండి, ఆ తర్వాతే ఆ సన్నదారం లాగేయండి. సింగిల్ వరస అర సెం.మీ. పైనే ఉంటుంది, కాబట్టి లెక్కకొచ్చే 7 కాదు, 8 వరసలు తీయండి. అంచు బిగుసుకుని ముడుచుకుంటే అర సైజు పెద్ద క్రోషె సూది. కత్తిరించిన కొసలు 15 సెం.మీ. వదలండి, లోపలికి కుట్టాలి.

పట్టుకొస: కిందికి వెడల్పైన కోతయితే ఎక్కువ తీసేకొద్దీ ఘేరు తగ్గుతుంది, తుంటి దగ్గర పడుతుందో లేదో ముందే చూసుకోండి.

అరసున్న: తీసిన దారం మెలికలు పోవాలంటే ఇస్త్రీ చేయొచ్చా?

గోదారిలేసు: కాటన్‌కి ఆవిరి పర్లేదు. ఆక్రిలిక్‌కి మాత్రం వేడి తగలనివ్వద్దు, చప్పబడిపోతుంది, మళ్లీ లేవదు. చిలపలా, అంటే వదులు చుట్టలా చుట్టి తడిపి, అడుగున చిన్న బరువు కట్టి ఆరేయండి.