క్లేర్ కౌంటీలోని బరెన్ రాతినేల ప్రకృతి చేసిందా, మనుషులు చేసిందా?

ప్రశ్న:
ఐర్లాండ్ పశ్చిమ తీరంలోని క్లేర్ కౌంటీ ఉత్తర భాగంలో బరెన్ అనే ప్రాంతం ఉంది. కొండల మీద కనుచూపు మేర బోడి సున్నపురాతి పలకలే కనిపిస్తాయి. 1651లో, ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ కింద పనిచేసిన సైన్యాధికారి ఎడ్మండ్ లడ్లో ఆ ప్రాంతాన్ని చూసి, మనిషిని ముంచడానికి చాలినంత నీరు గానీ, ఉరితీయడానికి చెట్టు గానీ, పూడ్చడానికి మన్ను గానీ అక్కడ లేవని చెప్పుకుంటారని రాశాడు. విచిత్రమేమిటంటే, అక్కడి పశువులు మాత్రం బాగా బలిసి ఉన్నాయని కూడా ఆయనే రాశాడు. కొందరు దీనిని మనిషి చెయ్యి తగలని ప్రకృతి అంటారు, మరికొందరు పూర్వపు రైతులే ఈ నేలను బోడి చేశారంటారు. ఏది నిజం? మట్టే లేనిచోట పశువులు ఎలా బలిశాయి?

మొదటి జవాబు:
రాయి వరకు మనిషి ప్రమేయం ఏమీ లేదు. సుమారు 33 కోట్ల సంవత్సరాల క్రితం, ఆ భూభాగం భూమధ్యరేఖకు దగ్గరలో వెచ్చని లోతులేని సముద్రం కింద ఉన్నప్పుడు, జలచరాల గుల్లలు పేరుకుని ఈ సున్నపురాయి ఏర్పడింది. తరువాత హిమయుగాల్లో మంచు దానిని గీకి చదును చేసింది, వాననీరు పగుళ్ళను కరిగించి లోతైన నెర్రెలుగా మార్చింది. ఆ నీరు నేల పైన నిలవక లోపలికి ఇంకిపోతుంది కనుకనే లడ్లోకు నీరు కనిపించలేదు. అందువల్ల బోడితనాన్ని రైతులకు అంటగట్టడం నాకు అతిశయోక్తిగా తోస్తుంది.

రెండవ జవాబు:
రాయి విషయంలో పై మాటతో ఏకీభవిస్తాను, బోడితనం విషయంలో కాదు. నేల పొరల్లో నిలిచిన పుప్పొడిని పరిశీలించినవారు, ఈ కొండల మీద ఒకప్పుడు పైన్, హేజెల్ చెట్లు విస్తారంగా ఉండేవని తేల్చారు. నవీన శిలాయుగం నుంచి మనుషులు ఆ అడవిని నరికి పశువులను మేపారు. మన్ను ఎంత మందంగా ఉండేదన్న దానిపై వాదనలున్నా, ఉన్నదానిలో చాలా భాగం నెర్రెల్లోకి కొట్టుకుపోయిందన్నది బలమైన అభిప్రాయం. ఆ మనుషులు కల్పితులు కారు: బరెన్‌లోనే ఉన్న పౌల్నబ్రోన్‌లోని రాక్షసగుడి తరహా సమాధిని 1980లలో తవ్వినప్పుడు, సా.పూ. 3800 నుంచి 3200 వరకు అక్కడ ఉంచిన 30 మందికి పైగా మనుషుల ఎముకలు బయటపడ్డాయి.

ఇక పశువుల సంగతి. ఇతర చోట్ల మందలను వేసవిలో కొండకు తోలి చలికాలంలో కిందికి దింపుతారు, బరెన్‌లో దీనికి పూర్తిగా తిరగబడిన పద్ధతి ఉంది. వేసవి వేడిని దాచుకున్న రాయి చలికాలంలో మెల్లగా దానిని వదులుతుంది, నేల పొడిగా ఉంటుంది, గడ్డిలో సున్నం పుష్కలం. అందుకే అక్టోబరు తరువాత మందలను కొండ పైకి తోలుతారు. దీనినే వింటరేజ్ అంటారు. చలికాలంలో పశువులు ముదురు గడ్డిని మేసేయడంతో వసంతంలో నీలి జెన్షియన్ పూలకు ఎండ తగులుతుంది. ధ్రువప్రాంతపు మొక్కలూ మధ్యధరా తీరపు మొక్కలూ పక్కపక్కనే పెరిగే ఆ అరుదైన పూలతోట నిలవడానికి ఈ మేతే ప్రధాన కారణం.

మూడవ జవాబు:
మేయో కౌంటీ ఉత్తర తీరంలోని కేజ్ ఫీల్డ్స్ అనే ప్రాచీన పొలాలతో కూడా బరెన్‌ను పోల్చి చూడండి. 1930లలో ఒక బడిపంతులు పీట్ (తడినేలలో సగం కుళ్ళిన మొక్కలు పేరుకుని ఏర్పడే మన్ను) తవ్వకాల్లో అడుగున వరుసగా పేర్చిన రాళ్ళను గమనించాడు. తరువాత ఆయన కుమారుడు ఇనుప కడ్డీలు దించి వెతికి, పొలాల సరిహద్దు గోడలను మైళ్ళ దూరం గుర్తించాడు. వాటి కాలంపై పండితుల మధ్య భేదాభిప్రాయం ఉంది. అయినా పోలిక ఉపయోగపడుతుంది: క్లేర్‌లో నీరింకే సున్నపురాతి మీద మన్ను పోయి రాయి బయటపడితే, నీరు నిలిచే మేయో నేల మీద పీట్ పెరిగి రాతిగోడలనే కప్పేసింది.

ప్రశ్న అడిగినవారు:
అలాగైతే, మేత ఆపేస్తే బరెన్ తిరిగి అడవి అవుతుందా?

రెండవ జవాబు రాసినవారు:
కొంతవరకు అవుతోంది కూడా. చలికాలపు మేత తగ్గిన చోట్ల హేజెల్ పొదలు అల్లుకుని పూలనూ ప్రాచీన కట్టడాలనూ కమ్మేస్తున్నాయి. నా దృష్టిలో అది బాగుపడటం కాదు, మరో నష్టం. అందుకే 2005లో మొదలైన బరెన్‌లైఫ్ అనే పరిరక్షణ ప్రాజెక్టు, ఆ తరువాతి పథకాలు రైతులను దూరం పెట్టకుండా, పచ్చికబయలు ఎంత ఆరోగ్యంగా ఉందో మార్కులు వేసి దానిని బట్టి వారికి డబ్బు చెల్లించే పద్ధతిని రూపొందించాయి.