అప్‌డేట్: కస్టమర్ల లెక్క ఒక్క తాన పడ్డది

రెండు నెలల కింద అడిగిన: హన్మకొండల ముగ్గురం నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ స్టార్టప్, కస్టమర్ల వివరాలు సగం వాట్సాప్‌ల, సగం ఎక్సెల్‌ల, ఎట్ల సర్దాలె అని. సీఆర్‌ఎమ్ (కస్టమర్ల వివరాలు సర్దే సాఫ్ట్‌వేర్) కొనలే. గూగుల్ షీట్స్ చాలన్నోళ్ల మాటనే నెగ్గింది.

ఒక్కో కస్టమర్‌కు ఒక్కటే వరుస, ఫోన్ నంబరే గుర్తు. అసలు తిప్పలు ఆడనే: ఒకే రైస్‌మిల్లు మూడు స్పెల్లింగులతోని మూడుసార్లు ఉండె! ఏరుడుకే పది రోజులు పట్టింది.

మెయిళ్లు వాటంతటవే పోవాలని మొదలు జాపియర్ (యాప్‌లను కలిపి పనులు నడిపే సర్వీస్) పెట్టిన. దాని ఉచిత ప్లాన్‌ల నెలకు 100 టాస్కులే, వారంల ఒడిసినయ్. అందుకే ఆప్స్ స్క్రిప్ట్‌ల (షీట్స్‌కు కోడ్ రాసే గూగుల్ సాధనం) టైమ్ ట్రిగ్గర్ పెట్టిన, అంటే చెప్పిన టైముకు కోడ్ దానంతటదే నడుస్తది. రోజూ పొద్దుగాల 9, 10 గంటల నడుమ రెన్యువల్ మెయిళ్లు పోతయ్. మొదట్ల ఒకాయనకు నాలుగుసార్లు పోయింది, మస్తు తిట్టిండు. ‘పంపిన తేదీ’ కాలమ్ పెట్టినంక ఆగింది.

వాట్సాప్ మెసేజ్‌లు ఇంకా చేత్తోనే ఎక్కిస్తున్నం.