ట్రాక్ మానిటర్ చూసుకుంటూ రైలు నడిపితే అది నడపడమేనా?

గోదావరి_గార్డు:
అందరికీ నమస్కారం. కంప్యూటర్‌లో రైలు నడిపే ఆట ఓపెన్ రైల్స్ మొదలుపెట్టి రెండు నెలలైంది. 2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ రూట్లు, ఇంజన్లు ఇందులో ఉచితంగా నడుస్తాయని విని దింపుకున్నాను. నిన్న రాత్రి డబ్ల్యూఏపీ-4 కరెంటు ఇంజన్‌కి 24 పెట్టెలు తగిలించి గంటకు 100 కిలోమీటర్ల మీద వస్తున్నాను. రెడ్ కనిపించగానే బ్రేక్ వేశాను. బండి ఆగలేదు, రెడ్ దాటి వెళ్ళి ముందు నిలబడి ఉన్న గూడ్స్‌కు తగిలింది. ఈ వారంలో ఇది మూడోసారి.

ఎఫ్4 నొక్కితే ట్రాక్ మానిటర్ వస్తుందని, ముందున్న సిగ్నల్ రంగు, దూరం, స్పీడ్ లిమిట్ అన్నీ అందులోనే కనిపిస్తాయని మా అన్నయ్య చెప్పాడు. నా స్నేహితుడేమో అది చూసి నడిపేవాడికి జన్మలో నడపడం రాదంటాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

డబుల్_ఎల్లో:
మీ స్నేహితుడి మాట వినండి. నేను ఏడాది పాటు ఎఫ్4 చూస్తూనే నడిపాను. ఒకరోజు అది తీసేసి కూర్చుంటే కిటికీలోంచి ఏం చూడాలో కూడా తెలియలేదు. కళ్ళు ఆ చిన్న పెట్టెకు అలవాటుపడిపోయాయి.

మీ అసలు పొరపాటు రెడ్ చూశాక బ్రేక్ వేయడం. రెడ్ కంటే ముందు ఎల్లో, దానికంటే ముందు డబుల్ ఎల్లో (రెండు పసుపు దీపాలు) వచ్చే ఉంటాయి. ముందున్న బండిని బట్టి సిగ్నల్ తానే రంగు మార్చుకునే ఆటోమేటిక్ సిగ్నల్ సెక్షన్‌లో ఒక సిగ్నల్‌కూ ఇంకోదానికీ మధ్య సుమారు కిలోమీటరు ఉంటుంది. అంటే బండి మీకు రెండు కిలోమీటర్ల ముందే చెప్పింది, మీరు వినలేదు.

లెక్క కూడా చూడండి. ప్రతి సెకనుకూ వేగం సెకనుకు అర మీటరు చొప్పున తగ్గుతుందనుకుంటే 100 మీద నుంచి ఆగడానికి దాదాపు 770 మీటర్లు కావాలి. 50 మీద నుంచైతే 190 చాలు. వేగం సగమైతే దూరం నాలుగో వంతుకు పడిపోతుంది. పైగా మీరు హ్యాండిల్ తిప్పాక బ్రేక్ పూర్తిగా పట్టుకోవడానికి ఐదు సెకన్లు పట్టినా, ఆ లోపు బండి ఇంకో 140 మీటర్లు వెళ్ళిపోతుంది. అందుకే డబుల్ ఎల్లో దగ్గరే పవర్ తీసేయాలి, ఎల్లో దాటేటప్పటికి 50, 60లోకి వచ్చేయాలి. ఈ అంచనా కళ్ళకూ చేతికీ రావాలి. ఎఫ్4 దాన్ని రానివ్వదు.

రాత్రి_పాసింజర్:
డబుల్ ఎల్లో గారూ, లెక్క బాగుంది కానీ ఒక విషయం వదిలేశారు. నిజమైన లోకో పైలట్‌కు కొత్త సెక్షన్ ఇచ్చేముందు అదే రూట్‌లో కొన్ని ట్రిప్పులు ఊరికే తిప్పుతారు. దాన్నే రోడ్ లెర్నింగ్ అంటారు. ఏ వంపు తర్వాత సిగ్నల్ ఉంది, ఎక్కడ దిగుడు మొదలవుతుంది, ఏ చెట్టు వెనక స్టేషన్ ముందుండే హోమ్ సిగ్నల్ దాక్కుంది, ఇవన్నీ మనసులో పడ్డాకే బండి చేతికిస్తారు. పక్కన అసిస్టెంట్ ఉంటాడు. సిగ్నల్ కనిపించగానే ఇద్దరూ రంగు పైకి చెప్పుకుంటారు.

మనం నిన్న దింపుకున్న రూట్‌ను ఈరోజు ఒంటరిగా, 22 అంగుళాల తెర మీద నడుపుతాం. ఆ తెర మీద కిలోమీటరు దూరంలోని సిగ్నల్ ఒక చుక్క. అది ఎల్లోనో డబుల్ ఎల్లోనో తేల్చుకునేసరికి సగం దూరం అయిపోతుంది. రోడ్ లెర్నింగ్ లేనివాడికి, అసిస్టెంట్ లేనివాడికి ఎఫ్4 ఆ రెండు లోట్లూ తీరుస్తుంది. దాన్ని తప్పనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

సనత్‌నగర్_లూప్:
ఇంకో మాట. రైళ్ళు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ వచ్చిన ఇంజన్లో పైలట్ ముందు తెర ఉంటుంది. సిగ్నల్ రంగు, ఎంత దూరం వెళ్ళవచ్చు, ఎంత వేగంతో వెళ్ళవచ్చు, అన్నీ అందులో కనిపిస్తాయి. మన దక్షిణ మధ్య రైల్వేలోనే 1,465 కిలోమీటర్ల మేర ముందుగా పెట్టారు. 2022 మార్చిలో గుళ్ళగూడ, చిట్‌గిద్ద మధ్య రైల్వే మంత్రి ఎక్కిన ఇంజన్‌ను ఎదురుగా ఇంకో ఇంజన్ ఉండగా నడిపితే, అది 380 మీటర్ల దూరంలో తనంతట తానే ఆగింది. నిజం రైలులోనే తెర పెడుతున్నప్పుడు ఆటలో తెర చూస్తే చిన్నతనమేమిటి?

డబుల్_ఎల్లో:
కవచ్ పోలిక ఒప్పుకోను. పైలట్ బ్రేక్ వేయకపోతే కవచ్ తానే వేస్తుంది, ఎఫ్4 వేయదు. దూరం చూపిస్తుంది, అంతే. 800 మీటర్లు అని చదివినవాడికి ఈ బరువుతో, ఈ దిగుడులో 800 సరిపోతుందా అన్నది తెలియకపోతే ఆ అంకె ఎందుకు? గోదావరి గార్డు గారికి రావాల్సింది ఆ తెలివి.

రాత్రి పాసింజర్ గారు చెప్పిన రోడ్ లెర్నింగ్ మాట మాత్రం నిజమే. దాని గురించి నేను ఆలోచించలేదు.

బాక్స్ఎన్_58:
మీరందరూ సిగ్నల్ దగ్గరే ఆగిపోయారు. నేను ఎక్కువగా గూడ్స్ నడుపుతాను. నా అనుభవంలో సగం గుద్దుళ్ళు బ్రేక్ తీరు తెలియక జరిగినవే.

58 వ్యాగన్ల బండి 600 మీటర్లు దాటుతుంది. హ్యాండిల్ తిప్పితే బ్రేక్ పైపులో గాలి ప్రెషర్ ముందు నుంచి వెనక్కి పాకుతూ పడాలి, అప్పుడే బ్రేక్ పడుతుంది. చివరి వ్యాగన్‌కు కబురు చేరేసరికి కొన్ని సెకన్లు పోతాయి. కొత్తవాళ్ళు ఆగేలోపు కంగారుపడి రిలీజ్ చేస్తారు, బండి పరుగెత్తగానే మళ్ళీ వేస్తారు, మళ్ళీ వదులుతారు. ప్రతిసారీ వ్యాగన్ల కింద రిజర్వాయర్లలో గాలి తగ్గుతుంది. నింపుకోవడానికి టైమ్ ఇవ్వకుండా నాలుగోసారి వేస్తే బ్రేక్ పేరుకే ఉంటుంది. దిగుడులో ఇలా చేసి నేను రెండుసార్లు బండి పోగొట్టుకున్నాను.

ఆప్షన్స్‌లో గ్రాడ్యుయేటెడ్ రిలీజ్ అనే గడి ఉంది, చూడండి. మన దేశపు ఎయిర్ బ్రేక్ బండ్లలో బ్రేక్‌ను కొద్దికొద్దిగా వదలవచ్చు. అమెరికా గూడ్స్‌లో అలా కుదరదు, వదిలితే మొత్తం వదిలేస్తుంది. ఆ గడి టిక్ చేయకపోతే మన బండి కూడా అలాగే ప్రవర్తించవచ్చు. ఎఫ్5 నొక్కి, షిఫ్ట్‌తో కలిపి మళ్ళీ నొక్కుతూ వెళ్తే బ్రేక్ పేజీ వస్తుంది. పైపు ప్రెషర్ 5 కేజీలకు తిరిగి వచ్చిందా లేదా చూశాకే రెండోసారి బ్రేక్‌కు వెళ్ళండి. ఎఫ్4 పెట్టుకుంటారో తీసేస్తారో మీ ఇష్టం, ఈ పేజీ మాత్రం మొదటి నెల వదలకండి.

విజయనగరం_అప్:
బాక్స్ఎన్ అన్నా, ఇది అందరికంటే పనికొచ్చే మాట.

రెడ్ దాటడానికి ఆటలో పర్మిషన్ అడిగే ట్యాబ్ కీ గురించి కూడా చెప్పాలి. రెడ్ దగ్గర ట్యాబ్ నొక్కి పర్మిషన్ తీసుకుని 60 మీద పోయేవాళ్ళను చూశాను. నిజంలో ఆటోమేటిక్ సిగ్నల్ రెడ్ ఉంటే పగలు ఒక నిమిషం, రాత్రి రెండు నిమిషాలు ఆగి, తర్వాత ముందు ఏదో ఉందన్న భయంతోనే పాకాలి. 2023 అక్టోబర్ 29న మా జిల్లాలో కంటకాపల్లి దగ్గర ముందున్న పలాస పాసింజర్‌ను రాయగడ పాసింజర్ వెనక నుంచి ఢీకొంది. ఆ రాత్రి మా ఊళ్ళో ఎవరూ నిద్రపోలేదు. అప్పటి నుంచి ఆటలో కూడా రెడ్ దాటాక 10 కంటే పెంచలేకపోతున్నాను. ఎఫ్2తో సేవ్ చేసుకున్నాం కదా, గుద్దితే మళ్ళీ లోడ్ చేద్దామనే అలవాటు నాకు నచ్చదు. ఆగిన చోటి నుంచి తప్పు ఎక్కడ మొదలైందో వెనక్కి చూసుకోండి.

రాత్రి_పాసింజర్:
సేవ్ విషయంలో మీతో ఏకీభవించను. ఒకే సిగ్నల్ దగ్గరికి పదిసార్లు రావడం వల్లే నాకు బ్రేకింగ్ వచ్చింది. మూడు గంటల ట్రిప్ మొదటి నుంచి నడపాలంటే ఉద్యోగం చేసుకునేవాళ్ళు నేర్చుకోలేరు. కంటకాపల్లి గురించి మీరు రాసింది చదివి మనసు బరువెక్కింది.

గోదావరి_గార్డు:
అందరికీ ధన్యవాదాలు. ఈరోజు అదే రూట్ మూడుసార్లు నడిపాను. మొదటిసారి ఎఫ్4 పెట్టుకుని ప్రతి సిగ్నల్ పక్కన ఏముందో పుస్తకంలో రాసుకున్నాను: వంతెన, గేటు, నీళ్ళ ట్యాంకు. రెండోసారి డబుల్ ఎల్లో కనిపించేదాకా ఎఫ్4 మూసి, కనిపించాక తెరిచి నా అంచనాతో పోల్చాను. నేను 600 అనుకున్నది 950 ఉంది. మూడోసారి అసలు తెరవలేదు. గూడ్స్‌కు 300 మీటర్ల ముందే ఆగాను, చాలా ముందే, కానీ ఆగాను.

గ్రాడ్యుయేటెడ్ రిలీజ్ గడి నాకు టిక్ లేదు. ఇప్పుడు పెట్టాను. బాక్స్ఎన్ గారూ, వంపు తిరిగాక దిగుడులో ఎల్లో వస్తే ముందుగా కొంచెం బ్రేక్ వేసి పట్టి ఉంచాలా, లేక ఒకేసారి గట్టిగా వేయాలా? రేపు గూడ్స్‌తో వెళ్తున్నాను.

బాక్స్ఎన్_58:
ముందే కొంచెం వేసి పట్టి ఉంచండి. దిగుడు మొదలయ్యేలోపే వేయండి. ఖాళీ వ్యాగన్లతో ఒకసారి, లోడుతో ఒకసారి నడిపి, ఎక్కడ ఆగిందో రెండూ ఇక్కడ రాయండి.